తవ్విన చోట

చిచేవాలో పరిశోధనని కఫుకుఫుకు అంటారు.
తవ్వడమనే మాటలోంచి పుట్టిందట.
ఆ సంగతి నాకు విశ్వవిద్యాలయం చెప్పలేదు,
షిరే నది పక్క జొన్నచేలో
నాచిసాలె అవ్వ చెప్పింది,
పార భుజానికెత్తుకుంటూ:
"తవ్వుతారు, సరే.
గొయ్యి పూడుస్తారా?"

అప్పుడు నాకు ఇరవయ్యెనిమిదేళ్ళు.
పేరు మసోజి. టుంబుకలో కన్నీళ్ళని అర్థం.
ఉత్తరాదిదాన్ని, నా యాసకి పిల్లలు కూడా నవ్వేవాళ్ళు.
సంచిలో తొమ్మిది పేజీల సమ్మతి పత్రం,
వేలిముద్రకి నీలం సిరా డబ్బా.
ఎప్పుడైనా మానుకోవచ్చు, అని ఏడో పేజీలో ఉంది.
అక్కడికొచ్చేసరికి చంటిపిల్లలు నిద్రపోయేవాళ్ళు,
తల్లులు పొయ్యి వైపు చూసేవాళ్ళు.

డాక్టర్లకి కావలసింది ఒక చెంచాడు నెత్తురు.
చెంచా చూపించాను కూడా.
మర్నాటికది గరిటె అయింది,
వారం తిరిగేసరికి బకెట్టు.
రాత్రి కుక్క మొరిగితే చాలు
నెత్తురు పీల్చేవాళ్ళొచ్చారని డప్పులు.
మా డ్రైవర్ మసౌకో మీద రాళ్ళు పడ్డాయి.
కనుబొమ మీద ఆ మచ్చ
బండెక్కిన ప్రతిసారీ అద్దంలోంచి నన్ను చూసేది.

ఆ రాత్రి నోటుబుక్కులో 'అపోహ' అని రాసుకున్నాను.
పదకొండేళ్ళ తర్వాత ఆ మాట కొట్టేసి
పైన 'జ్ఞాపకం' అని రాశాను.
గుడిసె పన్ను కట్టని తాతల ఇళ్ళు తగలబడ్డ ఊరది.
చెరకు తోటలో అరిగిపోయిన నడుములవి.
పీల్చడమంటే ఏమిటో
వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

చివరికి నేను చేసింది పెద్దగా ఏమీ లేదు.
కూర్చున్నాను.
వాళ్ళతో కందికాయలు ఒలిచాను.
"ఆ నెత్తురు ఎక్కడికెళుతుంది?" అని ఫిలినేసి అడిగితే
ఆరుగురు ఆడవాళ్ళని మినీబస్సెక్కించి
బ్లాంటైర్ ల్యాబుకి తీసుకెళ్ళాను.
పెద్ద ఫ్రిజ్ తలుపు తెరిచారు. తెల్లటి పొగ.
కొడుకు నంబరు వెతుక్కుంది ఫిలినేసి,
నాలుగు వందల పదిహేడు.
పైట చెంగుతో ఆ గొట్టాన్ని కప్పబోయింది.
"వాడికి చలి పడదు," అంది.

టెక్నీషియన్ నవ్వాడు.
నేను ఆ మాట ఏ నివేదికలోనూ రాయలేదు.

జెనీవాలో నాకు ఏడు నిమిషాలిచ్చారు.
ప్రజల్ని ఎలా ఒప్పించారని అడిగారు.
ఫిలినేసి మాట నాలుక చివరిదాకా వచ్చింది,
స్లైడులో దానికి గడి లేదు.
పట్టికలో మాత్రం
నిరాకరించినవారు నలభై ఒక్కరు,
కారణం: ఇతరములు.
ఇతరములంటే
దక్షిణాఫ్రికా గనుల్లోని మొగుడి ఉత్తరం రాకపోవడం.
ఇతరములంటే ఆ వారమే ఒక పిల్లని పాతిపెట్టి రావడం.
ఒకామె ఊరికే వద్దంది.
ఏడో పేజీని పూర్తిగా విన్నది ఆమె ఒక్కతే.

నిన్న ఆఫీసులో కేకు కోశారు,
గోడ గడియారం ఇచ్చారు.
ఇవాళ కబాజా సైకిలు వెనక కూర్చున్నాను,
ఒడిలో ఒకే ఒక్క పేజీ, చిచేవాలో,
మందు ఎవరికి పనిచేసింది, ఎవరికి చేయలేదు.
చదవడానికి నాలుగు నిమిషాలు,
రాయడానికి ముప్పై రెండేళ్ళు.
నాచిసాలె వినదు.
ఆమె గొయ్యిని ఊరంతా కలిసి పూడ్చారు.

సైకిలు తొక్కే కుర్రాడు, కుర్రాడేమిటి,
ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు,
మెడకి ఎండలోనూ మఫ్లరు.
ఫిలినేసి కొడుకు.
"నా నెత్తురు తీసింది మీరేనటగా?
ఏం దొరికింది అందులో?"

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.
ఇంతలో ఎత్తు వచ్చింది.
దిగి, ఇద్దరం
సైకిలు తోసుకుంటూ నడిచాం.